మా బళ్ళో పులినత్తలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, బీయస్సీ జువాలజీలో డిస్టింక్షన్, మొదటి ఉద్యోగం, చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిస్తే చుట్టుపక్కలవాళ్ళు కాస్త దూరంగా ఉండటం మంచిదని ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు తెలియలేదు. (చూశారా, తెలియని విషయం ఒకటి మొదట్లోనే దొరికింది.) రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి, ఏలూరులో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని స్కూలుకి చేరేదాన్ని. అది ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఉన్న మూడంతస్తుల ప్రైవేటు స్కూలు. బడి ఎనిమిదిన్నరకే మొదలయ్యేది. పాసింజరుకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దెందులూరు దగ్గర ఆగిందంటే, వెనకాల వచ్చే ప్రతి ఎక్స్‌ప్రెస్సుకీ ముందు మీరు పదండి, పదండి అని మర్యాద చేసి, అన్నీ వెళ్ళాక కదిలేది. అందుకని నాకు మొదటి పీరియడ్ వెయ్యకుండా, తొమ్మిదింటికి వచ్చినా ఏమీ అనకుండా ప్రిన్సిపాల్ మేడం దయచూపారు. ఆ దయకి బదులుగా నాకొక అదనపు బాధ్యత అప్పగించారు. అదే ఆఫీసు ముందున్న చేపల తొట్టె.

ఆఫీసు ముందు చేపల తొట్టె ఉంటే అడ్మిషన్లు పెరుగుతాయని మా కరస్పాండెంట్ గారికి ఎవరో చెప్పారట. నాలుగడుగుల గాజు తొట్టె, అడుగున తెల్లటి ఇసక, అందులో ఆరు ఏంజెల్ చేపలు, లెక్కకి నిలబడని గప్పీలు, వీటన్నిటికీ పెద్దదిక్కులా నిమ్మకాయంత పసుపుపచ్చ నత్త ఒకటి. ఆ నత్త పేరు లడ్డూ. అది గాజు పట్టుకుని పైకి పాకి, పై అంచు దాకా వెళ్ళి, పట్టు వదిలేసి దబ్బున ఇసకలో పడి, మళ్ళీ మొదలుపెట్టేది. ఎల్‌కేజీ పిల్లలకి లోకంలో అంతకు మించిన వినోదం లేదు. జూన్‌లో బడి తెరవగానే అమ్మ కొంగు వదలనని గేటు దగ్గర దొర్లి ఏడ్చే పిల్లలందరినీ మా ఆయమ్మ చంకనెత్తుకుని ఈ తొట్టె దగ్గరికే తెచ్చేది. నేను స్కూలుకి చేరేసరికి పిల్లలు కళ్ళు తుడుచుకుని, బెంచీల మీద బుద్ధిగా కూర్చుని ఉండేవారు. ఆ ఏడుపులన్నీ ఎలా ఆగాయన్నది నేనెప్పుడూ అడగలేదు. ఆగాయి కదా, నాకెందుకు?

ఆయమ్మకి యాభై అయిదేళ్ళు దాటి ఉంటాయి. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో క్రైస్తవ కీర్తన లోలోపల కూనిరాగం తీస్తూ, నడవమంటే పరిగెత్తే మనిషి. సొంతూరు కొల్లేటికోట. భర్త పోయాక ఏలూరు వచ్చి, చర్చి వెనకాల ఒక గదిలో ఒంటరిగా ఉంటూ మా స్కూల్లో చేరిందట. నన్ను "టీచరుగారండీ" అనీ, "మీరు" అనీ పిలిచేది. నేను ఆవిడని "నువ్వు" అనేదాన్ని. మా అమ్మ కంటే పెద్దావిడని అలా పిలవడం ఏమిటన్న అనుమానం కూడా నాకు రాలేదు. అందరూ అలాగే పిలిచేవారు, నేనూ పిలిచాను.

జూలైలో ఒక శనివారం నేను తొట్టెని ఉద్ధరించాలని సంకల్పించుకుని, నాలుగు రకాల నీటిమొక్కలు కొనితెచ్చి ఇసకలో నాటాను. వాటి ఆకుల కింద జిగురులాంటి చుక్కలు కనిపించాయి. ఏదో మొక్క తాలూకు వ్యవహారం అనుకున్నాను. (జువాలజీలో డిస్టింక్షన్ అని ముందే చెప్పాను. బోటనీలో మార్కులు అడక్కండి.) మూడు వారాలకి ఆ చుక్కలన్నీ మిరియపు గింజంత నత్తలయ్యాయి. ఆగస్టు వచ్చేసరికి గాజు మీద, ఆకుల మీద, మోటారు గొట్టం మీద, ఆఖరికి లడ్డూ వీపు మీద కూడా అవే. దూరం నుంచి చూస్తే తొట్టెకి అమ్మవారు పోసినట్టుండేది. ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తండ్రి, "ఏవండీ, మీరు చేపల్ని పెంచుతున్నారాండీ, నత్తల్నాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగారట. కరస్పాండెంట్ గారు నన్ను పిలిపించారు.

"అమ్మా, స్కూలు గుమ్మంలో నత్తలు కనిపిస్తే, ఇక్కడ చదువు నత్తనడక అనుకోరా జనం? మీది బయాలజీయే కదా. ఏదో ఒకటి చూడండి."

చూశాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు దోసకాయ ముక్క ఒకటి తొట్టెలో వేసి, మర్నాడు దానికి అతుక్కున్న నత్తల్ని ముక్కతో సహా తీసి పారేసేదాన్ని. ముప్ఫై తీస్తే మర్నాటికి అరవై ఉండేవి. వాటికి దోసకాయ బలం పట్టిందని నా అనుమానం. ఒకరోజు నేను జబ్బ దాకా తడుపుకుని గాజు గోకుతుంటే ఆయమ్మ వెనక వచ్చి నిలబడింది.

"టీచరుగారండీ, నేను నత్తల్లో పుట్టి పెరిగిందాన్నండీ. మా కొల్లేట్లో బస్తాలకి బస్తాలు ఏరి, గుల్ల పగలగొట్టి, లోపలి మాంసం రొయ్యల చెరువులకి మేతకిచ్చేవాళ్ళం. నేను చూసినంతలో తిండి మిగిలిపోయిన చోటే నత్త పెరుగుద్దండి. మన తొట్లో కూడా మేత ఎక్కువైపోతన్నట్టుందండి. అసలు సంగతేంటంటేనండీ..."

నేను గాజు గోకడం ఆపి ఇటు తిరిగాను. మేత వేసే అధికారిణిని నేనే కదా! అంటే తప్పు నాదంటోందన్నమాట.

"ఆయమ్మా, రోజూ ఒకే ఒక్క చిటికెడు వేస్తున్నాను. నా చిటికెడు ఎంతో నాకు తెలీదా? ఇదంతా సైన్సు, నీకు తెలీదు," అన్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నత్తల్లో ఒకటే జీవి మగా ఆడా కూడా ఎలా అవుతుందో, ఒక్క నత్త ఎన్ని గుడ్లు పెడుతుందో, తొమ్మిదో తరగతికి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ చేతిలో నిండు బకెట్టుతో మొత్తం విని, "అలాగేనండి" అని వెళ్ళిపోయింది. ఆ "అసలు సంగతి" ఏమిటో చెప్పడానికి ఆవిడ వచ్చిందనీ, నేను చెప్పనివ్వలేదనీ నాకు తట్టనే లేదు.

అప్పుడు నా స్మార్ట్‌ఫోను రంగంలోకి దిగింది. నత్తల్ని తినే నత్తలు ఉంటాయని అందులో చదివాను. ఏలూరులో చేపల షాపతన్ని అడిగితే, "కిల్లర్ నత్తలంటారు మేడం. చెన్నై నుంచి తెప్పించాలండి. ఇక్కడెవరూ అడగరండి, మన దగ్గర నత్తల్ని తినడానికి బాతులున్నాయి కదండీ," అన్నాడు. వారం తిరక్కుండా పది నత్తలు వచ్చాయి. చిటికెన వేలి పైకణుపంత పొడవు, కోసుగా ఉన్న గుల్ల, దాని మీద పసుపు, ముదురు గోధుమ రంగు పట్టీలు. ఏడో తరగతి పిల్లలు చూసిన మరుక్షణమే పులినత్తలని పేరు పెట్టేశారు. కరస్పాండెంట్ గారు కళ్ళజోడు సర్దుకుని సంచీలోకి తొంగిచూసి, "నత్తల్ని చంపడానికి నత్తలా! సరే, ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు, కానీండి," అన్నారు.

రెండో పీరియడ్‌లో ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని తొట్టె చుట్టూ నిలబెట్టి, నాలుగు ముక్కలు ఉపన్యాసం చెప్పి, పది పులుల్నీ నీళ్ళలోకి వదిలాను. అవి నెమ్మదిగా అడుక్కి దిగాయి. ఒకసారి అటూ ఇటూ చూసుకున్నాయి. తర్వాత పదికి పదీ ఇసకలోకి దూరి మాయమైపోయాయి. పిల్లలు చూశారు, నేను చూశాను. చిన్న నత్తలు ఆ ఇసక మీదే హాయిగా షికారు చేస్తున్నాయి. మూడు రోజుల పాటు ఇదే వరస. కరస్పాండెంట్ గారు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తొట్టె ముందు ఆగి, "ఏమమ్మా, మీవాళ్ళు డ్యూటీలో ఎప్పుడు చేరతారు?" అని అడిగేవారు. నేను తొట్టె వైపు వెళ్ళడం మానేసి పక్కమెట్లు ఎక్కడం మొదలుపెట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇసక కదిలింది. ముందు ఏనుగు తొండంలాంటి చిన్న గొట్టం ఒకటి బయటికొచ్చి, గాలి పసిగట్టినట్టు నీటిని పసిగట్టింది. దాని వెనక పులి లేచింది. ఎదురుగా ఆకు మీద ఉన్న మిరియపు గింజ దగ్గరికి, ఏ తొందరా లేకుండా, బియ్యం కార్డు క్యూలో నడిచినట్టు నడిచి, దాన్ని కప్పేసింది. అరగంట తర్వాత పక్కకి తప్పుకుంటే అక్కడ ఖాళీ గుల్ల. స్టాఫ్ రూమంతా దిగి వచ్చి చూసింది. ఆ జనంలో వెనకగా నిలబడి చూసిన ఆయమ్మ, అందరూ వెళ్ళాక మెల్లిగా అడిగింది.

"టీచరుగారండీ, వీటికి చిన్నదీ పెద్దదీ తేడా తెలుస్తాదంటారా? మన లడ్డూ కూడా నత్తే కదండీ."

"తమకంటే పెద్దవాటి జోలికి అవి పోవు. నేను చదివాను," అన్నాను. నిజంగానే చదివాను. "సాధారణంగా" అన్న మాట కూడా అక్కడే ఉంది. దాన్ని దాటేసి చదివాను.

మూడు వారాలు తిరిగేసరికి గాజు మీద చుక్కలు సగానికి తగ్గాయి. ఇసక మీద ఖాళీ గుల్లలు ఇడ్లీరవ్వ ఒలికినట్టు పరుచుకున్నాయి. ప్రిన్సిపాల్ మేడం మధ్యాహ్నం అసెంబ్లీ పెట్టించి నాచేత మాట్లాడించారు. మందు వాడకుండా ప్రకృతి ద్వారా శత్రువుని ఎలా జయించాలో పావుగంట చెప్పాను. చివర్లో చప్పట్లు కూడా కొట్టారు (ఎండలో నిలబెట్టిన ఉపన్యాసం ముగిసిందన్న సంతోషం అయి ఉంటుంది). నా చెవుల్లో ఆ చప్పట్లు వారం రోజులు మోగుతూనే ఉన్నాయి. సరిగ్గా ఆ వారంలోనే, ఏ పుణ్యాత్ముడు సిగ్నల్ ఇచ్చాడో గానీ, మా పాసింజరు ముప్పావుగంట ముందు ఏలూరు చేరింది.

నేను స్కూలు గేటు దాటేసరికి ఎనిమిదింపావు. తొట్టె ముందు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. చివర్లో కొత్తగా చేరిన ఒక బుడ్డోడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆయమ్మ చేతిలో చేపల మేత డబ్బా. ఒక్కొక్క పిల్ల అరచేతిలో చిటికెడు మేత పోసి, పిల్లని ఎత్తుకుని, "లడ్డూకి అన్నం పెట్టు నాన్నా. చూడు, నీకోసమే వత్తంది. నువ్వు రాకపోతే రేపు దానికెవరు పెడతారు?" అంటోంది. పిల్ల వేళ్ళు విదిలిస్తే మేత నీళ్ళలో పడుతోంది. ఏడుపు ఠక్కున ఆగుతోంది. ఆ తర్వాత ఇంకో పిల్ల. చూస్తుండగానే పాతికమంది పాతిక చిటికెళ్ళు వేశారు.

ఆ దృశ్యాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఆగిన ఏడుపులు కనిపిస్తాయి. అప్పుడు మాత్రం నాకు కనిపించింది ఒక్కటే: పాతిక చిటికెళ్ళు.

"ఆయమ్మా!" అని అరిచాను. పిల్లలు ఉలిక్కిపడ్డారు. "ఇన్నాళ్ళూ నువ్వేనా ఈ పని చేస్తోంది? నెలల తరబడి నేను చచ్చీచెడీ నత్తల్ని ఏరుతుంటే, నువ్వు వెనకనించి వాటిని మేపుతున్నావా? బుద్ధుందా అసలు?"

"చెబుదామనేనండి ఆ రోజు..." అంటూ ఆవిడ డబ్బాకి మూత పెట్టబోయింది. మూత జారి కిందపడింది. ఒక పిల్ల వంగి తీసి ఆవిడకిచ్చింది. ఇచ్చి, నావైపు చూసింది. నాలుగేళ్ళ పిల్ల అంత సూటిగా చూడగలదని నాకు అంతవరకు తెలియదు.

అయినా నేను ఆగలేదు. నేరుగా ప్రిన్సిపాల్ మేడం గదికి వెళ్ళి చెప్పాను. "క్రమశిక్షణ లేకపోతే కష్టం మేడం" అన్న మాట నాదే. ఆవిడ ఏదో ఆలోచిస్తూ, "పిల్లల్ని బాగా చూసుకుంటుందమ్మా," అన్నారు. "పిల్లలు వేరు, తొట్టె వేరు మేడం," అన్నాను. మర్నాటి నుంచి ఆయమ్మకి కింద ఆఫీసు దగ్గర పని తీసేసి, పై రెండంతస్తులూ, వెనకవైపు బాత్రూములూ అప్పగించారు. మేత డబ్బా నా అలమారులోకి వచ్చింది. తాళం కూడా వేశాను.

అదనపు మేత ఆగిపోయాక మూడు వారాల్లో చిన్న నత్తలు పూర్తిగా మాయమయ్యాయి. కొన్నిటిని పులులు తిన్నాయి, మిగతావాటికి తిండి లేక సంతానం ఆగిపోయింది. ఆయమ్మ చెప్పిందే జరిగింది. నేను మాత్రం అది పులినత్తల విజయంగానే రికార్డు పుస్తకంలో రాసి, కింద సంతకం చేశాను. పొద్దున్న గేటు దగ్గర ఏడుపులు మళ్ళీ మొదలై, తొమ్మిదింటికి నేను వచ్చినప్పుడు కూడా వినిపిస్తూనే ఉండేవి. చిన్న పిల్లల టీచర్లు ఒకరిద్దరు నాతో మాట్లాడటం తగ్గించారు. నా పేరుప్రతిష్ఠలు చూసి ఓర్వలేకపోతున్నారనుకున్నాను.

తర్వాత దసరా సెలవులొచ్చాయి. అంతకు ముందు సంవత్సరాల్లో సెలవు రోజుల్లో కూడా ఆయమ్మే వచ్చి చేపల్ని చూసుకునేదట. ఈసారి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నేనే. చేపలు పది రోజులు పస్తు ఉండగలవని నేను చదివాను. అవి ఉండగలిగాయి కూడా. పులినత్తల పస్తు గురించి మాత్రం నేనేమీ చదవలేదు.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, గేటు దగ్గర ఉండగానే లోపలి నుంచి కోరస్‌గా ఏడుపులు వినిపించాయి. పిల్లల్ని తప్పించుకుంటూ తొట్టె దగ్గరికి వెళ్ళాను. లడ్డూ ఇసకలో పక్కకి ఒరిగి ఉంది. దాని చుట్టూ అయిదో ఆరో పులినత్తలు గుమికూడి, దాని గుల్ల మూత తెరుచుకున్న సందులోంచి తొండాలు లోపలికి పెట్టి ఉన్నాయి. వాటికి ఏ హడావుడీ లేదు. నిమ్మకాయంత జీవిని మిరియం గింజని తిన్నంత ప్రశాంతంగా తింటున్నాయి.

"లడ్డూని తినేత్తన్నాయి!" అని ఒక పిల్ల వెక్కింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, "చూడండమ్మా, ప్రకృతిలో దీన్ని ఆహారపు గొలుసు అంటారు..." అని మొదలుపెట్టాను. (నిజంగా అన్నానండీ. నలభైమంది నాలుగేళ్ళ పిల్లలకి. నేనేం దాచడం లేదు.) గొలుసు రెండో లంకె దాకా కూడా వెళ్ళకముందే ఏడుపు రెట్టింపైంది. ఒకడు వాంతి చేసుకున్నాడు.

అప్పుడు మెట్ల మీంచి ఆయమ్మ దిగింది. ఎవరూ పిలవలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉంది, చేతులు ఫినాయిలు వాసన. ఆ చేతులు కుళాయి కింద రెండుసార్లు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తొట్టెలో చెయ్యి పెట్టింది. పులినత్తల్ని ఒక్కొక్కటే వేలితో తప్పించి, లడ్డూని తీసి గుప్పిట్లో మూసుకుంది. తర్వాత నేలమీద చతికిలబడి, దగ్గరికొచ్చిన పిల్లనల్లా ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నీతులు గానీ కథలు గానీ చెప్పలేదు. "అవునమ్మా, పోయింది. ఏడుపొత్తది మరి, ఏడవండి," అంది. పిల్లలు ఆవిడ మీద పడి ఏడ్చి ఏడ్చి, వాళ్ళంతట వాళ్ళే ఊరుకున్నారు.

అందరూ క్లాసులకి వెళ్ళాక నేను ఏదో అనాలి కాబట్టి, "పెద్దవాటి జోలికి పోవని రాశారు మరి," అన్నాను.

"వాటి తప్పేముందండి. ఆకలేసింది, తిన్నాయి," అని ఆయమ్మ బకెట్టు తీసుకుని మెట్లెక్కింది. ఆవిడ మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయనీ, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతోందనీ అప్పుడు చూశాను.

ఆరోజే ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాలనుకున్నాను. వెళ్ళాను కూడా. "ఏమైందమ్మా ఆ పెద్ద నత్తకి?" అని ఆవిడ అడిగితే, నా నోట్లోంచి వచ్చిన మాట: "వయసైపోయింది మేడం. సహజమే." తప్పు ఒప్పుకోవడం రేపటికి వాయిదా వేశాను. ఆ రేపటికి యూనిట్ టెస్టులు అడ్డొచ్చాయి. తర్వాత పేపర్లు దిద్దడం. మధ్యలో ఆయమ్మ మెట్ల మీద ఎదురైతే, "బాగున్నారాండీ" అని ఆవిడే పలకరించేది. నేను వాచీ చూసుకునేదాన్ని. క్రిస్మస్ సెలవులకి సొంతూరు వెళ్ళిన ఆయమ్మ తిరిగి రాలేదు. మోకాళ్ళ వల్ల మెట్లెక్కలేకపోతున్నానని ఫోన్లో చెప్పిందట. పనిలోకి ఇంకొకరు వచ్చారు. స్కూలు ఎప్పటిలాగే నడిచింది.

నాకు మాత్రం నడవలేదు. జనవరి చివరలో ఒక ఆదివారం, ఇంట్లో స్నేహితురాలి పెళ్ళని అబద్ధం చెప్పి, భీమవరం మీదుగా ఆకివీడు దాకా బస్సుల్లోనూ, అక్కణ్ణుంచి ఆటోలోనూ కొల్లేటికోట వెళ్ళాను. దారికి రెండు వైపులా నీళ్ళు, గట్ల మీద వలలు, కరెంటు తీగల మీద కొంగలు. ఆటో అతను ఎక్కడికని అడిగితే, ఏలూరు స్కూల్లో ఆయమ్మగా చేసిన ఆవిడ అన్నాను. నెలల తరబడి ఆవిడ పేరు అడగలేదని ఆ క్షణంలో తెలిసింది. అయినా అతనికి ఆవిడ తెలుసు. "ప్రార్థనలో ఉంటారండి ఈ టైముకి," అని చర్చి ముందు దింపాడు.

గంటసేపు బయట నిలబడ్డాను. ప్రార్థన ముగిశాక తెల్లచీరలో, చేతిలో బైబిలుతో ఆవిడ బయటికొచ్చింది. నన్ను చూసి కంగారుపడి, "అయ్యో, టీచరుగారండీ! ఏమైందండి? పిల్లలు బాగున్నారాండీ?" అంది.

తమ్ముడి ఇంటికి తీసుకెళ్ళి, అరుగు మీద చాప వేసి, వద్దన్నా వినకుండా అన్నం, చేపల పులుసు పెట్టింది. బస్సులో నేను బట్టీపట్టిన వాక్యాలన్నీ ఆ పులుసు కారానికి మరిచిపోయాను. ఆఖరికి, "మీరు నన్ను క్షమించాలండి," అన్నాను. ఆవిడని మీరు అనడం అదే మొదటిసారి. ఆవిడకి అది వినడానికి ఇబ్బందిగా, నాకు అనడానికి సిగ్గుగా ఉంది.

"క్షమించడానికేముందండి, చిన్నపిల్ల మీరు," అని ముందు నవ్వేసింది. నేను నవ్వకపోయేసరికి ఆవిడ కూడా నవ్వు ఆపింది. గట్టు వైపు చూస్తూ అంది. "బాధైతే అయ్యిందండి. లేదంటే అబద్ధమవుద్ది, ఇప్పుడే గుళ్ళోంచి వచ్చాను. మేత ఎక్కువెయ్యడం నాదే తప్పండి. అది చెబుదామనే మీ దగ్గరికొచ్చాను. నా బాధ తిట్టినందుకు కాదండి. పిల్లల ముందు తిట్టారు చూడండి, అది. ఆళ్ళు నేనేదో దొంగతనం చేశాననుకున్నారు. మర్నాడు ఒక పిల్ల వచ్చి, ఆయమ్మా, నువ్వింక దొంగతనం చెయ్యకు అంది. పక్కకి పిలిచి ఎన్నన్నా పడుదునండి."

నేను కంచం పక్కన పెట్టేశాను. "మళ్ళీ రండి. కింద ఆఫీసు దగ్గరే ఉందురు గాని. నేను మేడంతో చెబుతాను," అన్నాను.

"రానండి," అంది. కోపం లేదు, బెట్టు లేదు. "ఇక్కడ మా తమ్ముడి మనవలున్నారండి. చర్చిలో పిల్లలకి పాటలు నేర్పుతున్నాను. ఇంక ఏలూరెందుకండి?" నన్ను ఆటో ఎక్కించే ముందు మాత్రం, కొత్తగా చేరిన ఆ బుడ్డోడు ఏడుపు మానేశాడా అని అడిగింది. మానేశాడన్నాను. నిజానికి నాకు తెలియదు. సోమవారం వెళ్ళి కనుక్కున్నాను. వాడిని నవంబరులోనే వేరే స్కూల్లో వేశారట.

అదే సోమవారం ప్రిన్సిపాల్ మేడంకి మొత్తం చెప్పేశాను. లడ్డూది సహజ మరణం కాదనీ, ఆయమ్మ మేపింది చేపల్ని కాదు పిల్లల్ననీ, నత్తలు తగ్గింది ఆవిడ చెప్పిన కారణంతోననీ, అన్నీ. ఆవిడ కాగితాల మీద నుంచి తలెత్తి, శ్రద్ధగా విని, "పోనీలేమ్మా. తొట్టె ఇప్పుడు శుభ్రంగానే ఉంది కదా?" అన్నారు. శుభ్రంగానే ఉంది మేడం, అన్నాను. నిజమే, అంత శుభ్రమైన తొట్టె ఏలూరు మొత్తంలో ఉండి ఉండదు. దాని ముందు ఒక్క పిల్ల కూడా నిలబడేది కాదు. పులినత్తలకి వారానికి రెండుసార్లు ఎండురొయ్యల ముక్కలు వేస్తూ, ఆ సంవత్సరం ఆఖరి దాకా నేనే పెంచాను. వాటిని చూడాలంటే మొహం చెల్లేది కాదు గానీ, వాటి తప్పేమీ లేదని చెప్పిన మనిషి మాట తీసెయ్యలేకపోయాను.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలోనే ఒక చిన్న బడికి హెడ్మిస్ట్రెస్‌ని. తెలియని విషయాలు ఏటేటా పెరుగుతున్నాయి. స్టాఫులో ఎవరిదైనా పొరపాటు కనిపిస్తే, నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ వెనకే ఆపి, "ఒకసారి ఇలా రండి" అని వరండా చివరికి తీసుకెళతాను. దానివల్ల మేడం పక్కకి పిలిచారంటే కొంప మునిగిందన్నమాటే అని మా బళ్ళో పేరు పడిపోయింది. వచ్చిన మనిషికి అప్పటికే చెమటలు పట్టి ఉంటాయి. ఎదురుగా ఆ మొహం చూశాక, నేను అనుకున్నదంతా ఎటో పోతుంది. "టీ తాగారా?" అని అడుగుతాను. తాగాననో లేదనో చెప్పి, అసలు ఎందుకు పిలిచానో తెలియక, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళతారు. వాళ్ళు స్టాఫ్ రూముకి చేరేదాకా నేను ఆ వరండాలోనే నిలబడి ఉంటాను, కొంచెం నవ్వుకుంటూ.